పొగాకు మానడం ఎలా: వారం ముందు ఏర్పాట్ల నుంచి ఏడాది తర్వాతి పరీక్షల దాకా

పొగాకు ఎందుకు మానాలో చెప్పమని ఎవరూ అడగడం లేదు. పెట్టె మీది బొమ్మ రోజూ ఆ సంగతి చెబుతూనే ఉంది. పదే పదే వస్తున్న ప్రశ్నలు వేరు. ఒక్కసారిగా మానాలా, కొద్దికొద్దిగా తగ్గించాలా? నికోటిన్ గమ్ నిజంగా పని చేస్తుందా? మానేశాక దగ్గు పెరిగిందేమిటి? నెల రోజులు ఆగి మళ్లీ మొదలుపెట్టేశాను, ఇప్పుడేం చేయాలి?

అయ్యప్ప మాల వేసుకున్నవారిని గమనించండి. రోజుకో పెట్టె కాల్చే మనిషి 41 రోజులు సిగరెట్ ముట్టకుండా ఉంటాడు. మాల తీసిన వారంలోనే కిళ్లీ కొట్టు ముందు కనిపిస్తాడు. ఆ వారంలో అతని మనోబలం ఏమీ ఆవిరైపోలేదు. దీక్షలో తెల్లవారుజామునే స్నానం ఉంటుంది, తిండి మారుతుంది, తోటి స్వాములే స్నేహితులవుతారు, మద్యం ఉండదు, నల్లబట్టలు చూసి ఎవరూ సిగరెట్ చేతికివ్వరు. మాలతో పాటు ఆ ఏర్పాట్లన్నీ ఒక్కరోజులో పోతాయి. అందుకే ఇక్కడ మనోబలం గురించి తక్కువగా, ఏర్పాట్ల గురించి ఎక్కువగా రాస్తున్నాను.

సిగరెట్, బీడీ, చుట్ట, ఖైనీ, గుట్కా, జర్దా అన్నిటికీ దాదాపు ఇవే మెట్లు. తేడా ఉన్నచోట విడిగా చెబుతాను.

1. ముందు మీ ముప్పుల లెక్క తీయండి

పొగాకు చేసే నష్టం మీ ఒంట్లో ఇప్పటికే ఉన్న మిగతా సమస్యలను బట్టి పెరుగుతుంది. బీపీ ఉన్నవారిలో గుండెపోటు, పక్షవాతం ముప్పును ఎక్కువ చేస్తుంది. షుగర్ ఉంటే కాళ్లకు రక్తప్రసారం తగ్గి పాదం మీది చిన్న పుండు కూడా మానదు, చివరికి వేలు తీసేయాల్సి రావచ్చు. బర్జర్స్ జబ్బు అని ఒకటుంది. చిన్న వయసులోనే బీడీలు, సిగరెట్లు కాల్చే మగవారిలో ఎక్కువ. కాలివేళ్లు నల్లబడి కుళ్లిపోతాయి. పొగాకు పూర్తిగా మానకుండా ఆ జబ్బును ఆపే దారి లేదు.

"రోజుకు ఒకటే కదా" అనేవారు ఇది చూడండి. రోజుకు 20 కాల్చేవారికి గుండెజబ్బు విషయంలో ఎంత అదనపు ముప్పు ఉంటుందో, రోజుకు ఒక్కటి కాల్చేవారికి అందులో దాదాపు సగం ఉంటుంది. ఇరవయ్యో వంతు అనుకోవద్దు.

మానే తేదీకి ముందే ఈ అంకెలు రాసిపెట్టుకోండి:

- బీపీ: కొలిచే ముందు అరగంట పాటు పొగ, కాఫీ, టీ వద్దు. వేర్వేరు రోజుల్లో చూసినా 140/90 లేదా ఆపైన ఉంటే డాక్టరును కలవాలి.
- పరగడుపు షుగర్: 100 నుంచి 125 మధ్య ఉంటే మధుమేహానికి ముందు దశ. 126 లేదా ఆపైన ఉంటే మళ్లీ పరీక్ష చేసి నిర్ధారిస్తారు.
- నడుము చుట్టుకొలత: మామూలుగా ఊపిరి వదిలి టేపుతో కొలవండి. మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి.
- నోరు: అద్దం ముందు టార్చి వేసి చూసుకోండి. బుగ్గల లోపల, నాలుక కింద, అంగిట్లో తెల్లమచ్చ, ఎర్రమచ్చ, మూడు వారాలైనా మానని పుండు ఉన్నాయా? మూడు వేళ్లు నిలువుగా పట్టేంత నోరు తెరుచుకుంటోందా?
- దగ్గు: రెండు వారాలు దాటితే కఫం పరీక్ష చేయించాలి. పొగతాగేవారికి క్షయ ముప్పు ఎక్కువ. "ఇది సిగరెట్ దగ్గేలే" అని వదిలేయడం వల్ల క్షయ ఆలస్యంగా బయటపడుతుంది.

30 ఏళ్లు దాటినవారికి బీపీ, షుగర్, నోటి క్యాన్సర్ పరీక్షలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. మీ ఊరి ఆశా కార్యకర్తను అడిగితే ఏ రోజు వెళ్లాలో చెబుతారు.

ఉత్తరాంధ్ర పాఠకులకు ఒక మాట. నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే పెద్దవాళ్లు, ముఖ్యంగా స్త్రీలు, ఇంట్లో ఉంటే అంగిలిని తప్పకుండా చూపించండి. ఆ వేడి, ఆ పొగ నేరుగా తగిలేది అక్కడే. అంగిలి క్యాన్సర్ మామూలుగా అరుదు, అడ్డపొగ తాగేవారిలో అంత అరుదు కాదు.

2. వారం పాటు రాయండి, ఇంకా మానొద్దు

చిన్న నోటుపుస్తకం జేబులో పెట్టుకోండి. కాల్చిన ప్రతిసారీ నాలుగు సంగతులు రాయండి: ఎన్ని గంటలకు, ఎక్కడ, ఎవరితో, ఎంత గట్టిగా అనిపించింది. ఖైనీ, గుట్కా వాడేవారైతే ఎంతసేపు బుగ్గన ఉంచారో కూడా రాయాలి.

వారం తర్వాత ముందుగా ఒకే ఒక్క అంశం చూడండి. నిద్ర లేచాక మొదటిది ఎంతసేపటికి? అరగంటలోపే అయితే మీ శరీరం నికోటిన్ మీద గట్టిగా ఆధారపడి ఉంది, మందుల సాయం తీసుకోవడం మంచిది. ఐదు నిమిషాల్లోపే అయితే మందు లేకుండా ప్రయత్నించి నీరసపడకండి, ముందే డాక్టరును కలవండి.

మిగతావన్నీ సందర్భాన్ని బట్టి వచ్చే అలవాట్లు. ఒక్కోదానికి ఒక్కో బదులు రాసుకోండి. ఉదాహరణకు:

- పొద్దున మరుగుదొడ్డికి వెళ్లే ముందు: లేవగానే పెద్ద గ్లాసు గోరువెచ్చని నీళ్లు. ముందు రాత్రి భోజనంలో ఆకుకూర, జామ లేదా బొప్పాయి. "సిగరెట్ లేకపోతే కడుపు కదలదు" అన్నది చాలామందికి నిజమైన ఇబ్బంది. సిగ్గుపడి దాచడం వల్లే మూడో రోజున ఓడిపోతారు.
- టీతో: నెల రోజులు ఆ కొట్టుకు వెళ్లవద్దు. టీ ఇంట్లోనో, ఆఫీసు లోపలో తాగండి. కుదరకపోతే మజ్జిగకు మారండి.
- భోజనం తర్వాత: చేయి కడుక్కున్న వెంటనే పళ్లు తోముకోండి, లేదా సోంపు వేసుకుని పది నిమిషాలు నడవండి.
- ఫోనులో మాట్లాడుతూ: కూర్చుని మాట్లాడండి, రెండో చేతిలో పెన్ను ఉంచుకోండి.
- రాత్రి డ్యూటీలో నిద్ర ఆపుకోవడానికి: చన్నీళ్లతో ముఖం కడుక్కుని, వరండాలో ఒక చుట్టు తిరిగి రండి.

3. తేదీ పెట్టుకోండి, ఇల్లు సర్దండి

తేదీ రెండు వారాల్లోపు ఉండాలి. ఇంట్లో పెళ్లి, ఊరి జాతర, ఆఫీసులో లెక్కలు ముగించే రోజులు దగ్గర్లో లేకుండా చూసుకోండి. మాల వేసుకునే అలవాటుంటే ఆ రోజే మంచి తేదీ. కాకపోతే మాల తీసిన తర్వాతి నెలకు కూడా ఇప్పుడే ప్రణాళిక రాసుకోవాలి.

ఒక్కసారిగా మానాలా, తగ్గిస్తూ పోవాలా అంటే, రెండు దారుల్లోనూ మానినవారున్నారు. తగ్గించే దారి పట్టేవారు మాత్రం చివరిది ఏ రోజో ముందే రాయాలి. లేకపోతే పది ఐదవుతాయి, ఐదు మూడవుతాయి, ఆ మూడు ఏళ్ల తరబడి ఉండిపోతాయి. పైగా సంఖ్య తగ్గించినవారు తెలియకుండానే లోతుగా, ఎక్కువసార్లు పీలుస్తారు. "లైట్" సిగరెట్లకు మారినవారూ అదే చేస్తారు.

ముందు రోజు చేయాల్సినవి:

- మిగిలిన పెట్టెలు, బీడీ కట్టలు, లైటర్లు, యాష్‌ట్రేలు పారేయండి. స్కూటర్ డిక్కీ, పాత ప్యాంటు జేబులు, ఆఫీసు సొరుగు కూడా వెతకండి.
- కిళ్లీ కొట్టులో ఖాతా ఉంటే బాకీ తీర్చి మూసేయండి. బాకీ ఇవ్వడానికి వెళ్లినవాడు ఒకటి వెలిగించుకుని వస్తాడు.
- దుప్పట్లు, కర్టెన్లు, జర్కిన్ ఉతికించండి.
- ముగ్గురికి చెప్పండి: ఇంట్లో ఒకరు, పనిచేసే చోట ఒకరు, మీతో కలిసి కాల్చే స్నేహితుడు ఒకరు.
- 1800-11-2356 నంబరును ఫోనులో దాచుకోండి. పొగాకు మానేవారికి కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత సహాయ నంబరు ఇది. పెట్టె మీద కూడా ఉంటుంది.

ఇంట్లోవాళ్లకు ఒక విన్నపం. జేబులు తడమడం, నోరు వాసన చూడడం, "నువ్వు మానేవాడివేనా" అనడం ఆపండి. మొదటి పది రోజులు అతని చిరాకును పట్టించుకోకపోతే అదే పెద్ద సాయం.

4. మందులను సరిగ్గా వాడడం

"నికోటిన్ మానడానికి మళ్లీ నికోటినా?" అని చాలామంది వెనకాడతారు. వ్యసనం చేసేది నికోటిన్. క్యాన్సర్, ఊపిరితిత్తుల జబ్బు తెచ్చేవి ప్రధానంగా పొగలోని తారు, ఇతర విషపదార్థాలు. నికోటిన్ గమ్, చర్మానికి అంటించే నికోటిన్ ప్యాచ్ ఆ విషాలు లేకుండా కొంచెం నికోటిన్ ఇచ్చి తహతహను తగ్గిస్తాయి, తర్వాత వాటినీ మెల్లగా ఆపేస్తాం.

నికోటిన్ గమ్ 2, 4 మిల్లీగ్రాముల్లో దొరుకుతుంది. లేచిన అరగంటలోపే మొదటిది కాల్చేవారికి 4, మిగతావారికి 2. వాడే పద్ధతి తెలియకే ఎక్కువమంది "పని చేయలేదు" అంటున్నారు:

- గమ్‌కు 15 నిమిషాల ముందు నుంచి కాఫీ, టీ, పండ్లరసం, కూల్‌డ్రింక్ తాగవద్దు. నోట్లో గమ్ ఉన్నంతసేపూ వద్దు. పులుపు ఉంటే నికోటిన్ ఒంటికి పట్టదు.
- మెల్లగా నమలండి. మిరియం తగిలినట్లు నోరు చురుక్కుమనగానే ఆపండి.
- బుగ్గకూ చిగుళ్లకూ మధ్య పెట్టి ఉంచండి. చురుకు తగ్గాక మళ్లీ కాసేపు నమిలి, రెండో బుగ్గకు మార్చండి. ఇలా అరగంట.
- మామూలు చూయింగ్ గమ్‌లా ఆపకుండా నమిలి రసం మింగితే వెక్కిళ్లు, గుండెమంట, వికారం వస్తాయి.
- మొదటి 6 వారాలు గంటకో, రెండు గంటలకో ఒకటి. 7 నుంచి 9 వారాల్లో 2 నుంచి 4 గంటలకొకటి. 10 నుంచి 12 వారాల్లో 4 నుంచి 8 గంటలకొకటి. రోజుకు 24 దాటవద్దు.

తహతహ వచ్చాక గమ్ కోసం వెతికేవారు సగం దారిలో ఓడిపోతారు. గమ్ ప్రభావం సిగరెట్ అంత వేగంగా మెదడుకు చేరదు. రాకముందే, గడియారం ప్రకారం వేసుకోవాలి.

ప్యాచ్ రోజుకొకటి, రోజూ వేరేచోట, వెంట్రుకలు లేని చర్మం మీద అంటించాలి. నిద్ర చెడితే రాత్రి తీసేయండి. ప్యాచ్ వేసుకుంటూనే గట్టి తహతహకు గమ్ వాడితే ఒక్కటే వాడినదానికన్నా ఫలితం బాగుంటుంది. ఇలా కలిపి వాడేటప్పుడు గమ్ లెక్క మారుతుంది కాబట్టి మోతాదు డాక్టరు నిర్ణయించాలి.

వరెనిక్లిన్, బుప్రోపియాన్ మాత్రలు డాక్టరు రాస్తేనే వాడాలి. వరెనిక్లిన్‌ను మానే తేదీకి వారం ముందు మొదలుపెట్టి సాధారణంగా 12 వారాలు వాడతారు. మూర్ఛ ఉన్నవారికి బుప్రోపియాన్ పనికిరాదు. గర్భిణులు, ఇటీవల గుండెపోటు వచ్చినవారు గమ్ అయినా సొంతంగా కొనుక్కోవద్దు.

చాలామంది డాక్టరుకు చెప్పడం మరిచిపోయే సంగతి ఇంకొకటుంది. పొగలోని పదార్థాలు కొన్ని మందులను కాలేయంలో వేగంగా ఖర్చు చేయిస్తాయి. మానేశాక అదే మోతాదు ఎక్కువైపోవచ్చు. ఆస్తమాకు థియోఫిలిన్, మానసిక సమస్యలకు క్లోజాపిన్, ఒలాంజపిన్ వాడేవారు మానే తేదీని డాక్టరుకు ముందే చెప్పాలి. కాఫీకీ ఇదే వర్తిస్తుంది. రోజూ తాగే రెండు కప్పులే ఇప్పుడు గుండెదడ, నిద్రలేమి తెస్తాయి. వాటిని నికోటిన్ లేకపోవడం వల్ల అనుకుని జనం మళ్లీ సిగరెట్ పట్టుకుంటారు. మానిన రోజు నుంచే కాఫీ, టీ సగానికి తగ్గించండి.

ఇ-సిగరెట్ల సంగతి అడుగుతున్నారు. మన దేశంలో 2019 నుంచి వాటి అమ్మకం చట్టరీత్యా నిషేధం. దొంగచాటుగా దొరికేదానిలో ఏముందో ఎవరూ చెప్పలేరు. హుక్కా కూడా పొగాకే, నీళ్లు విషాన్ని వడకట్టవు.

5. మొదటి మూడు రోజులు

ఇవే కష్టమైనవి. చిరాకు, తలనొప్పి, ఏకాగ్రత లేకపోవడం ఈ రోజుల్లోనే తారస్థాయికి చేరి, రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గుతాయి. ఒక్కో తహతహ మాత్రం కొద్ది నిమిషాలే ఉంటుంది. చాలాసార్లు ఐదు నిమిషాలు గడిస్తే చాలు.

ఆ ఐదు నిమిషాలకు క్రమం ఇది:

1. ఉన్నచోటు నుంచి లేచి వేరే చోటికి వెళ్లండి.
2. నీళ్లు గుక్కగుక్కగా తాగండి.
3. ముక్కుతో లోతుగా పీల్చి, నోటితో మెల్లగా వదులుతూ పదిసార్లు.
4. నోట్లో ఏదైనా వేసుకోండి: లవంగం, యాలక్కాయ, సోంపు, ఎండు ఉసిరి, క్యారెట్ ముక్క.
5. ఇంకా లాగుతుంటే మీరు చెప్పి ఉంచిన ముగ్గురిలో ఒకరికి ఫోన్ చేయండి.

నాలుగో అంశంలో వక్కపొడి లేదని గమనించే ఉంటారు. పొగాకు కలవని వక్క కూడా క్యాన్సర్ కారకమే, నోరు తెరుచుకోకుండా బిగుసుకుపోయే జబ్బుకు అదే ప్రధాన కారణం. సిగరెట్ మాని పాన్ మసాలా పట్టినవారు ముప్పును ఊపిరితిత్తుల నుంచి బుగ్గలోకి మార్చుకున్నారంతే.

6. ఏ ఇబ్బందికి ఏం చేయాలి

దగ్గు పెరగడం: శ్వాసనాళాల్లో కఫాన్ని బయటికి తోసే సన్నని రోమాలు మళ్లీ పనిలో పడుతున్నాయి. కొన్ని వారాల్లో తగ్గుతుంది. కఫంలో రక్తం పడినా, బరువు తగ్గుతున్నా ఆగకుండా చూపించుకోండి.

మలబద్ధకం: పీచు, నీళ్లు, నడక. వారం దాటినా తగ్గకపోతే డాక్టరును అడగండి.

నిద్ర పట్టకపోవడం: మధ్యాహ్నం తర్వాత కాఫీ, టీ ఆపేయండి. ప్యాచ్ ఉంటే రాత్రి తీయండి.

బరువు: మొదటి ఏడాదిలో సగటున 4, 5 కిలోలు పెరుగుతారు. రుచి, వాసన తిరిగి వస్తాయి, ఆకలి పెరుగుతుంది, నోటికి పని కావాలనిపిస్తుంది. మిక్చర్, బిస్కెట్లు ఇంట్లో లేకుండా చూసుకుని వేయించిన శనగలు, మజ్జిగ, దోసకాయ ముక్కలు అందుబాటులో ఉంచండి. మొదటి నెలలోనే కఠినమైన డైటింగ్ మొదలుపెట్టవద్దు. రెండు యుద్ధాలు ఒకేసారి చేసినవారు రెండూ ఓడిపోవడమే ఎక్కువ.

షుగర్ మందులు, ఇన్సులిన్ వాడేవారు మొదటి వారాల్లో ఇంట్లో తరచుగా పరీక్ష చేసుకోవాలి. అంకెలు అటూ ఇటూ మారవచ్చు.

7. మద్యం, పెళ్లిళ్లు, పాత స్నేహాలు

మొదటి నెల మద్యం పూర్తిగా మానండి. కల్లు, బీరు కూడా అందులోకే వస్తాయి. మానినవారిని మళ్లీ జార్చే సందర్భాల్లో దీనికి మించింది నాకు కనిపించలేదు. రెండో పెగ్గు తర్వాత నోటుపుస్తకంలో రాసుకున్న ప్రణాళిక ఎవరికీ గుర్తుండదు.

పెళ్లికి వెళ్తే భోజనాల తర్వాత మగవాళ్లంతా బయట చేరే చోటు ఒకటుంటుంది. ఆ సమయానికి పిల్లలతోనో పెద్దవాళ్లతోనో కూర్చోండి. ఎవరైనా ఇస్తే "తగ్గించాను" అనకండి. "మానేశాను" అనండి. తగ్గించినవాడికి ఒకటి ఇవ్వడం తప్పుగా ఎవరికీ అనిపించదు.

8. జారితే

ఒకటి కాల్చారు. మిగిలిన పెట్టెను వెంటనే పారేయండి. "ఎలాగూ పాడైంది, సోమవారం నుంచి మళ్లీ చూద్దాం" అన్న మాటే ఒకదాన్ని ఇరవై చేస్తుంది. గమ్, ప్యాచ్ ఆపవద్దు.

అదే రోజు నోటుపుస్తకం తీసి ఎక్కడ, ఎవరితో, ఏ గంటలో అన్నది రాయండి. రెండో మెట్టులో రాసుకున్న బదుళ్లలో ఆ సందర్భం లేకపోతే చేర్చండి. ఉండి కూడా పని చేయకపోతే బదులు మార్చండి. పూర్తిగా పాత అలవాటులోకి వెళ్లిపోయినవారు రెండు వారాల్లోపు కొత్త తేదీ పెట్టుకుని, ఇంతకుముందు మందుల సాయం లేకుండా ప్రయత్నించి ఉంటే ఈసారి ఆ సాయంతో ప్రయత్నించండి. మానినవారిలో చాలామంది మొదటిసారికే మానినవారు కారు.

9. నెల దాటాక మిగతా ముప్పుల పని

- ఉప్పు: రోజుకు 5 గ్రాములు, అంటే చిన్న చెంచాడు, అన్నిటికీ కలిపి. మన ఇళ్లలో ఊరగాయ, అప్పడం, వడియాలు, పెరుగన్నంలో వేసుకునే ఉప్పును ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అవే ఎక్కువ.
- నడక: వారానికి కనీసం 150 నిమిషాలు, కొంచెం ఆయాసం వచ్చేంత వేగంగా.
- అన్నం కొలత తగ్గించి పప్పు, కూర పెంచండి.
- బీపీ, షుగర్ మాత్రలు పొగ మానేశాననే ధీమాతో సొంతంగా ఆపవద్దు.
- ఇంట్లో మరొకరు కాలుస్తుంటే కనీసం ఇంటి లోపల, వాహనంలో వద్దనే నియమం పెట్టండి. ఆ పొగ పిల్లలకు ఆస్తమా, చెవి ఇన్ఫెక్షన్లు తెస్తుంది, మిమ్మల్నీ లాగుతుంది.

మళ్లీ పరీక్షలు ఎప్పుడంటే: మూడో నెలలో బీపీ, షుగర్, నడుము కొలత, బరువు. ఏడాదికి మళ్లీ అవే, వాటితో పాటు కొలెస్ట్రాల్. మెట్లెక్కితే ఆయాసం ఇంకా ఉంటే స్పైరోమెట్రీ చేయించాలి. ఊది చూసే చిన్న పరీక్ష అది. ఏడాది నిండేసరికి గుండెజబ్బు అదనపు ముప్పు దాదాపు సగానికి తగ్గుతుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఆ స్థాయికి తగ్గడానికి పదేళ్లు పడుతుంది. కాబట్టి ఎన్నేళ్ల క్రితం మానేసినా ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా "ఇన్నేళ్లు, రోజుకు ఇన్ని కాల్చాను" అని చెప్పండి. నోటిని నెలకోసారి టార్చి వేసి చూసుకోండి. ఛాతీ మధ్యలో బరువుగా నొప్పి, చెమట, ఎడమచేతికో దవడకో లాగడం ఉంటే గ్యాస్ మాత్ర వేసుకుని కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి.